ఆరున్నొక్కటి

కదిరవన్ అరవంలో లెక్కపెడతాడు,
నేను లోలోపల తెలుగులో.
రెండు చోట్ల మా లెక్కలు కలవవు:
మొదట్లో, మళ్లీ ఆరు దాటాక.

వణ్ణారపేట, ఎం.సి. రోడ్డు బట్టల కొట్ల వెనక
రెండో అంతస్తులో ఇనుము పెట్టుకున్నాడు ఈ పిల్లాడు.
పొద్దున ఐదున్నరకి ఆ మెట్లెక్కేసరికే
సగం కసరత్తు అయిపోతుంది నాకు.
నలభై తొమ్మిదేళ్లు. ఎముక పలచబడిందట.
నడిస్తే చాలదు, బరువులెత్తాలి, అంది డాక్టరమ్మ,
బియ్యం కొట్టు దానితో.

ముప్ఫై ఏళ్లుగా బరువుల మధ్యే కూచున్నాను.
ఎత్తింది మాత్రం బిల్లు పుస్తకం.
మూటలు మునిరత్నం ఎత్తేవాడు,
వాడి వెన్ను విరిగాక వాడి తమ్ముడు.

మొదటి నెల ఉత్త కడ్డీ.
నడుం కాదక్కా, తుంటి, తుంటి. మడమలు నేలకి అతికించు.
వారానికి రెండున్నర కిలోలు, అంతకుమించి ఆశపడకు.
వడ్డీ తెలిసినదాన్ని గనక అది అర్థమైంది.
అర్థం కానిదల్లా విశ్రాంతి:
కండ ఎత్తేటప్పుడు పెరగదట,
చిరిగి, ఇంటికెళ్లి, నిద్రపోయాక పెరుగుతుందట.
కొట్టు మూసినప్పుడు లాభమొచ్చే వ్యాపారం
మా వంశంలో ఎవరూ చేయలేదు.

తర్వాత డబ్బా తెచ్చాడు. రెండు కిలోలు, నల్లది,
మీద మెడలేని మనిషి బొమ్మ.
ఆరువేల తొమ్మిదొందలు.
చిటికెడు తీసి బొటనవేలితో రుద్దాను,
లైటు కింద పట్టాను.
పాత సోనాలో కొత్తది కలిపితే పట్టేదాన్ని,
ఈ పొడిలో ఏం కలిపారో పట్టలేనా అని.
పట్టలేకపోయాను. చాక్లెట్ వాసన అన్నిటినీ కప్పేసింది.
సీలు చూపించాడు, గీకే నంబరు చూపించాడు.
బిల్లు వెనక లెక్క కట్టాను:
గ్రాము ప్రొటీను గుడ్డయితే ఇంత,
పుట్నాలయితే ఇంత, ఇదయితే ఇంత.
గుడ్డు గెలిచింది.
మా ఇంట్లోకి గుడ్డు రాదు. డబ్బా కొన్నాను.

చెంచా పొడి అడుగున పూడి ఉంటుంది.
తవ్వితీసి, నింపి, అంచు మీద వేలితో గీసినప్పుడు
నాయన చెయ్యి వచ్చింది నా చేతిలోకి.
అమ్మేటప్పుడు కుంచం తలగీసేవాడు,
కొనేటప్పుడు గోపురం పెట్టించుకునేవాడు,
రెండిటికీ నోట ఒకటే వరస:
లాభం, రెండు, మూడు...
ఆరు తర్వాత ఏడు అనేవాడు కాదు.
రాశి ముందు ఆ మాటంటే ఏడవమని చెప్పినట్టేనట.
ఆరున్నొక్కటి అని దాన్ని పక్కకి తోసి
ఎనిమిదిలోకి దూకేవాడు.

ఈ రోజు ముప్ఫై ఐదు కిలోలు, భుజాల మీద.
ఎనిమిది సార్లు, అన్నాడు.
లాభం.
రెండు. మూడు. అద్దంలో నా మొహం వంకాయ రంగు.
నాలుగు. కొంగు లేని భుజం ఎంత చిన్నదో.
ఐదు.
ఆరు దగ్గర, ఇంకొక్కటే అక్కా, అన్నాడు.
వాడి ఇంకొక్కటి నాకు తెలుసు,
లోడు గూడూరు దాటిందనే లారీవాడి మాట అది.
దిగాను.
లేవలేదు.
అక్కడ కింద, మోకాళ్ల ఎత్తున, ఒక గది ఉంది.
అందులో గాలి ఉండదు.
నాయన పోయిన పన్నెండో రోజే షట్టరెత్తిన ఆడది ఉంటుంది,
ఒక్కతే.
ఏడు, అన్నాను. పైకే. గట్టిగా.

కళ్లలోంచి కారింది చెమటే అనుకున్నాడు పిల్లాడు.
కడ్డీ కింద రెండు వేళ్లు పెట్టాడు, రెండే.
లేచాను.

కొక్కేల మీద పెట్టి నించున్నాక అడిగాడు,
మొదట్లో ఏదో గొణుగుతావేంటక్కా?
చెప్పాను.
పొన్నేరిలో మా పాటి కూడా అనేది, వడ్లు కొలిచేప్పుడు, అన్నాడు.
కాసేపు ఇద్దరం షేకర్లు ఊపుకున్నాం.

ఒకటి బాకీ, అన్నాడు.
రాసుకో, అన్నాను,
మెట్లు దిగడానికి రెయిలింగు తడుముకుంటూ.